గోల్కొండలో మూడు చప్పట్లు

మా ఇంటి దేవుడి మీద, ఆయన చాలకపోతే నా బీపీ మాత్రల మీద ఒట్టు: ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు. నా నోటిమాట మా ఆవిడ ఎటూ నమ్మదు కాబట్టి రాతలోకి దిగాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మణికొండలో కిరాయికి ఉండేవాళ్లం. నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీసు క్యాబులకు సూపర్‌వైజర్ని. ఎదురు ఫ్లాటులో కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు, ఆయన భార్య. బెంగళూరుకు బదిలీ మీద వెళ్తావా అని కంపెనీ ఆయన్ని అడిగింది. జవాబుకు గడువిచ్చింది. వెళ్లాలని ఇద్దరిలో ఎవరికీ లేదని నా అనుమానం. కానీ ఆవిడ యాస బయటపడుతుందని బజారులో కూరగాయలు వేలితో చూపించి కొనేది. అది చూసి ఆయన, పాపం భయపడుతోంది, తీసుకెళ్లిపోవాలి అనుకున్నాడు. ఆయనకక్కడ పెద్ద ఉద్యోగం, అడ్డుపడకూడదని ఆవిడ అనుకుంది. "నీ ఇష్టం" అంటే "మీ ఇష్టం" అని వారం రోజులుగా మా తలుపు ఇవతలకు వినబడుతూనే ఉంది.

గడువుకు ముందురోజు బంద్. క్యాబులు లేవు, నాకు పని లేదు.

"గోల్కొండ చూసొద్దాం నడు తమ్మీ. కోటను బంద్ చేపిచ్చెటోడు ఇంక పుట్టలె" అని అందరినీ బయల్దేరదీశాను. నలుగురం నడిచే వెళ్లాం.

షేక్‌పేట దగ్గర వంటావార్పు నడుస్తోంది. ఉద్యమంలో అదొక పద్ధతి. బళ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండి, వచ్చినవాళ్లకల్లా వడ్డించడం. మమ్మల్నీ కూర్చోబెట్టారు. గరిటె పట్టుకున్న పెద్దమ్మ మా ఎదురింటావిడను చూసి, "ఏ ఊరు బిడ్డా?" అంది.

ఆవిడ ముద్ద మింగలేక, "కాకినాడండీ" అనేసింది.

పక్క వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. పెద్దమ్మ ఆవిడ విస్తరిలో ఇంకో గరిటెడు పప్పు పోసింది.

"మాకు రావాల్సింది రాష్ట్రం బిడ్డా, నీ ఇస్తార్ల బువ్వ గాదు. తిను."

అక్కడి నుంచి కోట దాకా మా ఎదురింటావిడ నోరు మూయలేదు.

కోట ద్వారం దాటగానే నగీనా బాగ్. ఒకప్పుడది రాజుల తోట. చరిత్ర చెప్పే బాధ్యత నేనే తీసుకున్నాను.

"ఈ తోటల రాణి పొద్దుగాల్నే పూలకు హాజరు తీసుకునేది చెల్లె. ఆలస్యంగ విచ్చుకున్న పువ్వుకు ఒక పూట జీతం కట్."

"పువ్వుకి జీతమేంటి అన్నయ్యగారూ?"

"నీళ్లు! ఒక పూట నీళ్లు బంద్."

మా ఆవిడ వెనక నుంచి, "నమ్మకు వదినా. మొన్న మా అక్కకు గిదే కత కోళ్లతోని చెప్పిండు" అంది.

గోడల్లో మట్టి గొట్టాలు చూపించి, వాటిలోంచే మేడ మీది తోటలకు నీళ్లు ఎక్కించేవారని చెప్పాను. అది నిజం. అదొక్కటే ఎవరూ నమ్మలేదు.

కొండ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు మోకాలు పట్టుకున్నాడు. వెనక్కి వెళ్లి ద్వారం కింద ఉండిపోతానన్నాడు. అక్కడ చప్పట్లు కొడితే కొండ మీది బారాదరి మంటపంలో వినబడతాయి. ఆ సంగతి హైదరాబాదులో తెలియనివాళ్లు లేరు. అప్పుడు తట్టింది నాకు.

"తమ్మీ, నోటితోని చెప్పుకుంటలేరు గదా. మేం పైకి పోయినంక కొట్టు. పోదామంటె రెండు, ఉందామంటె మూడు."

"ఫోన్ ఉంది కదా అన్నయ్యగారూ?" అంది ఆవిడ.

"ఫోన్ల 'నీ ఇష్టం' అంటడు. చప్పట్లల్ల అనరాదు."

ఆయన నవ్వి, సరేనన్నాడు. తర్వాత నవ్వలేదు.

పైకెక్కాక చల్లటి గాలి. దూరంగా రాయదుర్గం అద్దాల మేడలు ఎండలో మెరుస్తున్నాయి. ఆవిడ మణికొండ వైపు తిరిగి, మా డాబా మీద ఆరేసిన దుప్పటి కనబడుతోందంది. అంత దూరం నుంచి కనబడదు. అబద్ధాల్లో నాకు పోటీ వచ్చిందని సంతోషించి ఊరుకున్నాను.

అంతలో కింద నుంచి చప్పట్లు. ఒకటి. రెండు. కాసేపాగి, మూడు.

"మూడు! విన్నారా, మూడు!" అని ఆవిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

దిగేటప్పుడు మెట్లు రెండేసి చొప్పున దూకింది. కింద ఆయన లేచి నిలబడి, "ఎన్ని వినబడ్డాయి?" అన్నాడు.

"మూడండీ!"

ఆయన ఆవిడ మొహం చూశాడు, తర్వాత నా మొహం. "అవును" అన్నాడు, "మూడే కొట్టాను." మర్నాడు కంపెనీకి రానని చెప్పేశాడు. ఇవాళ్టికీ మా ఎదుటి తలుపు వాళ్లదే.

ఇక ఒట్టు సంగతి. బీపీ మాత్రలతో పరాచికాలాడే వయసు కాదు కాబట్టి చెప్పేస్తున్నాను. పెద్దమ్మ పప్పు నిజం, ఆవిడ దుప్పటి మాట అనడం నిజం, ఆవిడ దూకడం నిజం. కింద నుంచి వచ్చినవి రెండే. రెండోదాని తర్వాత ఆవిడ కళ్లు దించుకుంది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. మూడోది గోడ చాటుకు జరిగి నేను కొట్టాను. కొండ కింది చప్పటకూ, పది అడుగుల దూరంలో కొట్టిన చప్పటకూ తేడా చంటిపిల్లకైనా తెలుస్తుంది. ఆవిడకు తెలియలేదంటే మాత్రం నేను నమ్మను.