అవ్వ విన్న శంఖం

నేను శంఖం ఊదడం నేర్చుకోవడం మొదలుపెట్టిన పదహారో రోజున మా అవ్వ గంజి ముట్టడం మానేసింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బేతంచెర్ల దగ్గర మా పల్లెలోనే బడిపంతులుగా పనిచేస్తూ, సెలవు దొరికితే చాలు కర్నూలు సభలకు పోయి పండితులతో వాదించేవాణ్ణి. ఒక సభలో ఒక పెద్దాయన, ఉపదేశం లేనివాడి ఊపిరికి శంఖం పలకదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "శంఖమంటే చచ్చిన పురుగు ఇల్లు. దానికి మీ గోత్రం తెలుసా, నా గోత్రం తెలుసా? వచ్చే నెల ఇదే వేదిక మీద ఊది చూపిస్తాను" అన్నాను. చప్పట్లు మోగాయి. తిరుగుప్రయాణంలో, డోన్‌లో రైలు మారేటప్పుడు గుర్తొచ్చింది, నేను శంఖాన్ని ఏనాడూ చేత్తో ముట్టుకోలేదని.

మా ఊళ్ళో ఉన్నది ఒకటే శంఖం, దాసరిది. ఎవరైనా చనిపోతే పాడె ముందు నడుస్తూ ఆయన ఊదేవాడు. ఇంకెప్పుడూ ఊదేవాడు కాదు. కాబట్టి శంఖం వినపడితే జనం అడిగేది ఒక్కటే: ఎవరు పోయారు? వయసులో ఉన్నప్పుడు ఆయన రాతి గనుల్లో పనిచేశాడు. ఆ దుమ్మంతా రొమ్ములో చేరి, దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడేవాడు. మంత్రమేమైనా ఉందా అని అడిగితే నవ్వాడు.

"మంత్రమా? నాకే రాదు, నీకేం చెప్పేది ఐవారూ! అంతా పొట్టలో గాలి. బుగ్గలు ఉబ్బించినావంటే కప్ప మాదిరి కనపడతావు, అంతే."

"అయితే నేర్పుతావా?"

"నేర్పుతా. ఊర్లో మాత్రం ఊదొద్దు. పీనుగ లేకుండా ఊదితే శంఖం దాన్ని యెతుక్కుంటాదంటారు."

"ఎవరంటారు?"

"పోయినోళ్ళంటారు" అని మళ్ళీ నవ్వబోయి దగ్గాడు.

మొదటి వారం శంఖం నా చేతికి ఇవ్వనే లేదు. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చిన్న నాపరాయి పలక పెట్టేవాడు. గాలి పీలిస్తే పలక లేవాలి, రొమ్ము కదలకూడదు. వదిలేటప్పుడు పలక దిగుతున్నట్టు కంటికి తెలియకూడదు. తర్వాత ఆముదపు ఆకు కాడతో చెంబు నీళ్ళలోకి ఊదించాడు. బుడగలు ఒకే తీరున రావాలి. ఆపైన పెదవుల పని. పెదవికి అంటుకున్న వేరుశనగ పొట్టును ఉమ్మేటప్పుడు ఎలా బిగిస్తామో అలా బిగించాలి. ఇందులో ఎక్కడా దేవుడికి చోటు లేదని నాకు పట్టరాని సంతోషం.

ఊదడం మాత్రం ఊరి బయట, పాడుబడిన గనిలో. మిట్టమధ్యాహ్నం అటు ఎవరూ రారు. చుట్టూ మెట్లు మెట్లుగా కోసిన రాయి, అడుగున కదలని పచ్చనీళ్ళు. నేను ఊదితే శంఖం దూడలా అరిచి మధ్యలో తెగేది. ఎదుటి గోడ ఆ అరుపును తిప్పి పంపేది. ప్రతిధ్వని గురించి పిల్లలకు పాఠం చెప్పేది నేనే. అయినా ఒక్కోసారి అది ఆలస్యంగా వచ్చినట్టు, నా ఊపిరి కన్నా కొంచెం పొడుగ్గా సాగినట్టు అనిపించేది. ఆలోచించే సందు లేకుండా వెంటనే మళ్ళీ ఊదేవాణ్ణి.

పదహారో రోజు ఇంటికి వచ్చేసరికి అమ్మ గంజి గిన్నె పట్టుకుని అవ్వ మంచం దగ్గర నిలబడి ఉంది. అవ్వకు జ్వరం తగ్గి వారమైంది. అప్పుడప్పుడే లేచి కూర్చుంటోంది.

"ఊర్లో ఎవురు పోయినారే?" అని అడుగుతోంది.

"ఎవురూ పోలేదత్తా. తాగు."

"శంఖం ఊదిరి కదా. దాసరి పీనుగ లేకుండా ఊదడు. ఎవురూ పోలేదంటే అది నాకే. పొయ్యేదానికి గంజి యెందుకు?"

అంతమంది పండితుల మాటల్లో తప్పులు పట్టినవాణ్ణి, ఈ తర్కంలో ఉన్న ఒక్క సందునూ పట్టుకున్నాను.

ఊదింది నేనేనని చెప్పాను. నమ్మలేదు. మూడో రోజుకు పెదవి తడిపితే తప్ప నీళ్ళు కూడా దిగడం లేదు. ఇక శంఖం తెచ్చి, అమ్మ వద్దు వద్దంటున్నా, మంచం పక్కనే నిలబడి ఊదాను. ఎప్పటిలాగే తెగింది. అవ్వ కళ్ళు మూసుకునే నవ్వింది.

"ఎనుము ఈనుతాండేట్టుండాది. నేను విన్నది ఇది కాదు నాయనా. అది యాడా తెగలేదు."

తెగకుండా ఊదేవాడు ఒక్కడే. ఆ సాయంత్రమే శంఖాన్ని సంచిలో వేసి ముడి కట్టి దాసరికి ఇచ్చాను. రేపు మధ్యాహ్నం గనిలో ఊదమన్నాను. అవ్వ వింటుంది, ఊదేది ఫలానా మనిషని నేను చెబుతాను, భ్రమ వదులుతుంది. ఆయన సరేనన్నాడు.

మరునాడు చూరు నీడ గడపను తాకే వేళకు అవ్వ పక్కన కూర్చున్నాను. గాలి లేదు. ఊళ్ళో ఒక్క కాకి అయినా అరవలేదు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. అప్పుడు అవ్వ కళ్ళు తెరిచింది.

"అదో" అంది. వేలు పైకెత్తి, గాలిలో సాగుతున్న దారం వెంట పోతున్నట్టు మెల్లగా కదిలించింది. "ఇనపడుతాండాదా?"

నాకేమీ వినపడలేదు. వాకిట్లో ఉన్న అమ్మ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నేనూ వినపడలేదంటే అది అవ్వ ఒక్కదానికే వచ్చిన పిలుపవుతుంది.

"ఇనపడుతాండాది అవ్వా. దాసరి ఊదుతాండాడు. నేనే ఊదమంటి."

"బతికుండే మనిషేనా ఊదేది?"

"నీ మీద ఒట్టు."

ఒట్లు పెట్టేవాళ్ళను నేను ఎన్ని సభల్లో ఎగతాళి చేశానో లెక్కలేదు. అవ్వ వేలు దించింది. "అయితే గంజి తెమ్మను మీయమ్మను" అంది.

సాయంత్రం దాసరి ఇంటికి పోయాను. చాప మీద ముడుచుకుని ఉన్నాడు. "రాలేకపోతిని ఐవారూ. పొద్దున్నుంచి లేసిందే లేదు" అన్నాడు. సంచి మేకుకు వేలాడుతోంది. దాని మూతికి నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఆ తర్వాత నాలుగో రోజున ఆయన పోయాడు. ఊరందరికీ ఊదినవాడికి ఊదేవాడు లేడు. చావు తంతులన్నీ దండగని నేను ఉపన్యాసాలు ఇచ్చిన ఊరది. పాడె కడుతున్న వాళ్ళలో ఒకడు నా వైపు తిరిగాడు. "ఏమప్పా ఐవారూ, పురుగు ఇల్లే కదా అంటివి. ఊదు మల్ల!"

సంచి ముడి విప్పాను. పొట్ట మీద పలక ఉందనుకుని గాలి పీల్చాను. శంఖం పలికింది. వీధి మలుపు దాకా ఎక్కడా తెగలేదు.

స్నానం చేసి లోపలికి పోతే అవ్వ గోడకు ఆనుకుని సంగటి తింటోంది.

"ఊదింది నువ్వేనా?"

"నేనే."

"నేను రెండుసార్లూ విన్నది ఇదేరా. దాసరిదని ఒట్టెందుకు పెడ్తివి?"

మూడు రోజుల పస్తుకు చెవిలో హోరు పుడుతుంది. ముసలి జ్ఞాపకం పాత శబ్దం మీద కొత్త శబ్దాన్ని అతికిస్తుంది. జరిగింది అదేనని ఇప్పటికీ నా నమ్మకం. కర్నూలు సభలో ఊదాను, గెలిచాను కూడా. ఆ రోజు మాత్రం అవ్వకు ఇవేవీ చెప్పలేదు. ఆమె ముద్ద పక్కన ఇంకొంచెం చెనక్కాయల పచ్చడి వేసి, తిను అవ్వా అన్నాను. తినింది.