గోనె కింద తోటకూర

ఇవాళ పొద్దున్నే వంటింటి కిటికీ తీయగానే తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. భిలాయి స్మృతి నగర్‌లోని మా ఇంట్లో పై వాటాకు కొత్తగా వచ్చిన అమ్మాయి, పెరట్లో చిన్న మడి చేసుకుని, దాని మీద గోనె పరిచి నీళ్ళు చిలకరిస్తోంది. నేను కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. కాఫీ చల్లారిపోయింది. నలభై ఏళ్ళ కిందటి ఒక పెరడు, గోడ మీద మోచేతులు ఆనించి నిలబడిన అప్పలనరసమ్మ పిన్ని, కలలో కనిపించినట్టు కనిపించారు.

డెబ్భైల చివర్లో పెళ్ళయి నేను విజయనగరం నుంచి భిలాయి వచ్చాను. మా ఆయన ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. క్వార్టర్‌లో పగలంతా నేనొక్కదాన్నే. హిందీ ముక్క రాదు. ఆరేసిన చీరల మీద ఎర్రటి దుమ్ము, సాయంత్రమైతే కొలిమి వెలుగుకు కుంకుమరంగు తిరిగే ఆకాశం. అందంగానే ఉండేది, కాదనను. కానీ ఆ అందాన్ని చూపించి "చూడు" అనడానికి పక్కన మనిషి ఉండాలి కదా. పెరట్లో ఏం పెట్టినా ఎండిపోయేది. ఆరు నెలలకే పుట్టింటికి టిక్కెట్టు కొనిపించుకున్నాను. తిరుగు టిక్కెట్టు వద్దన్నాను. ఆయన మాట్లాడకుండా కొనిపెట్టారు. ఆ మౌనానికి ఇంకా కోపమొచ్చింది.

పిన్నిది గోడ అవతలి క్వార్టర్. శ్రీకాకుళం దగ్గరి పల్లె ఆవిడది. భర్త ఫోర్‌మన్. చుట్టరికం ఏమీ లేదు, మొదటి రోజే నేను పిన్నీ అన్నాను, ఆవిడ పలికింది, అంతే.

"ఏటే అమ్మీ, ఎల్లిపోతన్నావట?" అంది ఒకరోజు గోడ మీదుగా.

"ఈ మట్టి మనల్ని పట్టించుకోదు పిన్నీ."

ఆవిడ లోపలికెళ్ళి కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. తోటకూర గింజలు, ఆవాల కంటే సన్నం. "ఇయి సల్లు. మొలిస్తే?"

"మొలిస్తే ఉంటాను. లేకపోతే వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం రైలెక్కుతాను, మళ్ళీ రాను," అన్నాను మొండిగా.

ఆ మాట మా ఆయన చెవిన పడింది. ఆ ఆదివారం ఆయనే పార పట్టారు. వంకాయ కోసినా ముక్కలు సమానంగా ఉండాలనే మనిషి. నేను గింజలు చల్లాక మన్ను జల్లించి, స్టీలు స్కేలు గుచ్చి చూసుకుంటూ, మడంతా సరిగ్గా ఒక అంగుళం మందాన కప్పారు. పైన చెక్క పెట్టి అదిమారు. ఆఖర్న స్పిరిట్ లెవెల్ పెట్టి వాలు చూశారు. ఇంత ప్రేమ ఈయనలో ఎక్కడుందా అని నాకు మొదటిసారి అనిపించింది. పిన్ని గోడ మీదనుంచి అంతా చూసింది. తడిపిన గోనె ఒకటి ఇటు విసిరి, "ఇది పరిసీ. నాను సెప్పినదాకా ఎత్తి సూడకు," అంది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టెకు తాళం కావాలని పవర్ హౌస్ బజారుకు వెళ్ళొచ్చాను. శనివారం పొద్దున పిన్ని గోనె ఎత్తమంది. కింద ఎర్రటి కాడలతో, రెండేసి ఆకులతో, మడి నిండా మొలకలు. నేను ఏడ్చాను. ఆయన టిక్కెట్టు రద్దు చేయించడానికి సైకిలు మీద పరుగెత్తారు.

తర్వాత పంటకు పిన్ని పద్ధతి నేర్పింది. గింజల్ని పొడి ఇసుకలో కలిపి చల్లాలి. అరిగిపోయిన చీపురు తిరగేసి మడి మీద ఒక్కసారి లాగాలి, చాలు. "పిల్లోడికి దుప్పటి కప్పినట్టు కప్పాల. మొకం మీదికి లాక్కూడదు," అనేది. మరి మా అంగుళం మన్ను కింద గింజలు ఎలా మొలిచాయని నేనెప్పుడూ అడగలేదు.

ఎనభైలలో వాళ్ళాయన రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసే రోజు, సామాను లారీకెక్కాక, చుట్టిన పరుపు మీద కూర్చుని తనే చెప్పింది. "నీ గింజలు మొలవనేదే. మీ ఆయన సమాధి కట్టీసినాడు. నువ్వు బజారుకెల్లినప్పుడు గోడ దిగి, పైన మల్లీ సల్లినాను."

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ళ కాపురం, ఈవిడ దొంగతనంగా చల్లిన గింజల మీద నిలబడ్డాయా? "నా కోసం అంత అబద్ధం ఎందుకాడావు పిన్నీ?" అన్నాను.

"నీ కోసం కాదే," అంది ఆవిడ, పమిటతో ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు రాకముందు పద్దెనిమిదేళ్ళు ఆ గోడకాడ నాను ఒక్కదాన్నే నిలబడ్డాను. తెలుగు మాట ఇనపడితే పేనం లేసొచ్చింది. నువ్వెల్లిపోతే మల్లీ ఎవులు?"

అప్పటిదాకా ఒంటరితనం నా ఒక్కదానిదే అనుకున్నాను. సిగ్గేసింది. ఆవిడ చేతులు పట్టుకుని లారీ హారన్ కొట్టేదాకా కూర్చున్నాను. అదే చివరిసారి చూడటం.

ఇవాళ కాఫీ మళ్ళీ వేడిచేసుకుని పెరట్లోకి వెళ్ళాను. పై వాటా అమ్మాయి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు పిల్ల. పెళ్ళయి నాలుగు నెలలు. "ఇక్కడ నాకు మన్ లగట్లేదు ఆంటీ," అంది తల దించుకుని. మనసు నిలవట్లేదని. మడిలో ఏం వేశావని అడిగితే మెంతులట. బెత్తెడు లోతున పెట్టి, గట్టిగా తొక్కిందట.

"ఇవి ఎన్ని రోజులకి మొలుస్తాయి ఆంటీ?"

"ఆ గోనె మాత్రం ఎత్తకు తల్లీ," అన్నాను. "రేపు మధ్యాహ్నం కాస్త బజారుకి వెళ్ళొస్తావా?"