నోరెత్తని దవడ

మా అక్క మొగుడు సోఫాలకు బట్ట బిగిస్తాడు. పక్కన కూర్చుని స్పాంజి కోసేది నేను. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మధ్యకు తోసి తీసి కొడతాడు బావ.

నాలుగేళ్ళ కిందట ఎడమ చెంపలో కరెంటు కొట్టినట్టు నొప్పి పట్టుకుంది. గాలి సోకినా గిలగిల్లాడేవాడు. చివరికి ఆ నరం కోయించుకున్నాడు. నొప్పి పోయింది, దాంతోపాటు చెంప, పెదవి, చిగుళ్ళు, అన్నీ మొద్దుబారాయి.

అప్పట్నించి మేకులన్నీ ఎడమ దవడలోనే. "ఇది నోరెత్తదురా బామ్మర్దీ! ఎంత మోయమన్నా మోస్తుంది" అనేవాడు. వద్దంటే వింటేగా! మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

మొన్న దిండు మీద రక్తం మరక చూసి అక్క టార్చి వేసి నోరు తెరిపించింది. చిగురు వాచి చీము కారుతోంది. ఈయనకి చీమ కుట్టినట్టైనా లేదు.

పళ్ళాసుపత్రిలో డాక్టరమ్మ కదిపితే మూడు పళ్ళు ఊగాయి.

"ఎలాగైనా నిలబెట్టండమ్మా. ఆ దవడలో మేకులు పెట్టుకునే పని చేసుకుంటాడు" అంది అక్క.

"కింద ఎముక కరిగిపోయిందండీ. నొప్పుంటే ఎప్పుడో వచ్చేవారు. పైగా నరం పని నొప్పి చెప్పడమొక్కటే కాదట. వాపు ఎక్కడ ఆగాలో కూడా చిగురుకు అదే చెబుతుందని ఇప్పుడిప్పుడే తేలుతోంది. ఈయనకి చెప్పే దిక్కు లేకపోయింది. తీసెయ్యాల్సిందే."

"మరి మేకులు?" అన్నాడు బావ.

"జేబులో వేసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. కాపలావాణ్ణి తరిమేసి తలుపు బార్లా తీసి పడుకున్నాడీ మనిషి. కానీ ఆ నొప్పి రోజుల్లో గోడకేసి తల బాదుకోవడం చూసినవాణ్ణి, ఏమనను?

డాక్టరమ్మ చిగురులో సూది గుచ్చి చూసింది. బావ కదల్లేదు. "మత్తు అక్కర్లేనట్టుంది. నొప్పనిపిస్తే చెయ్యెత్తండి" అని పటకారు అందుకుంది. బావ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. మొదటి పన్ను ట్రేలో టంగుమంది. రెండోదీ పడింది. అక్క ఆయన కుడిచెయ్యి పట్టుకుని, తనకే పీకుతున్నట్టు కళ్ళు మూసుకుంది.

బావ ఎడమచెయ్యి ఎత్తాడు.

"నొప్పా?" డాక్టరమ్మ ఆగింది.

"పంట్లో కాదండీ, చేతిలో. గోళ్ళు దింపేసింది."

అక్క ఉలిక్కిపడి వదలబోయింది.

"ఉంచవే" అన్నాడు బావ. "అదొక్కటే తెలుస్తోంది."