మోకాలి పేరు చెప్పి పెట్టించుకున్న పన్ను

మనిషి శరీరంలో అన్నింటికన్నా గట్టి పదార్థం పంటి మీది ఎనామిల్ అని తిరువూరులోని ఒక ప్రైవేటు హైస్కూల్లో ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. రిటైరయ్యాక ఒక సాయంత్రం చేగోడీ కొరుకుతుండగా నా పై వరుసలోని ముందు పన్ను వేరుదాకా చీలిపోయింది. పీకివేయడం తప్ప మార్గం లేదని డాక్టరు అన్నాడు. ఎక్స్‌రే అడిగి తీసుకుని నేనూ చూశాను. ఆయన చెప్పింది నిజమే.

ఆ ఖాళీని పూడ్చడం గురించి చెప్పిన మాటలే అంత సులభంగా నిజం కాలేదు. తీసి పెట్టుకునే ప్లేటు చవక, కాని మాట తడబడుతుంది. బ్రిడ్జి కట్టాలంటే పక్కనున్న రెండు మంచి పళ్లను అరగదీయాలి. మిగిలింది ఇంప్లాంటు. దవడ ఎముకలో స్క్రూ బిగించి, ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను అమరుస్తారు. క్లినిక్కు గోడ మీద "జీవితాంతం గ్యారంటీ" అని రాసి ఉంది. ఎవరి జీవితాంతం, స్క్రూకా, పంటికా అని అడిగాను. స్క్రూకు మాత్రమేనట. చెప్పిన ధరలో స్కానింగూ పై పన్నూ కలవలేదని తర్వాతి ప్రశ్నకు తేలింది. వడ్డీ లేని వాయిదాలన్నారు. రొక్కం ఇచ్చేవారికి తగ్గించే మొత్తం వాయిదాలవారికి తగ్గించరు కనుక వడ్డీ అందులోనే ఉంది. మా ఇన్సూరెన్సులో పళ్ల వైద్యం లేదు. చివరకు బస్సు ప్రయాణాలు ఎక్కువైనా ధర బాగా తక్కువని ఒక దంత వైద్య కళాశాలను ఎంచుకున్నాను. అక్కడ విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్లు పక్కన నిలబడి చూస్తారు. అయినా ఆ మొత్తం మా వారి నెల పింఛనును దాటింది. నాకు పింఛను లేదు. నాకంటూ ఉన్నది మా వీధి ఆడవాళ్ల చీటీ ఒక్కటే.

చీటీలో నెలనెలా అందరం వేసే డబ్బును, ఎవరు ఎక్కువ కోత ఒప్పుకుని పాడితే వారు తీసుకుంటారు. ఆ కోతను మిగిలినవారు పంచుకుంటారు. అయితే మా వీధిలో ఒక మర్యాద ఉంది. ఆస్పత్రి ఖర్చని ఎవరైనా నోరు తెరిచి అడిగితే ఇక ఎవరూ పోటీగా పాడరు.

"ఏంటి టీచర్ గారూ, మీరెప్పుడూ చివర్లోనేగా తీసుకునేది?" అంది చీటీ నడిపే ఆవిడ.

ఈ వయసులో ముందు పంటి కోసమని చెబితే సోకు అనుకుంటారని నా భయం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా వారి మోకాలికి ఆపరేషనండి," అన్నాను.

ఆ నెల పాడడానికి సిద్ధమై వచ్చిన మనిషి ఒకరున్నారు. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. పెళ్లిళ్ల సీజను ముందు ఎంబ్రాయిడరీ మిషను కొనాలని ఆమె ఆశ. "అయ్యో, సార్‌కా! మిషను ఎక్కడికి పోద్దిలెండి. మీరు తీసుకోండి," అని వెనక్కి జరిగింది.

ఇంటికొచ్చి మా వారిని కొన్నాళ్లు వీధిలో నడకకు వెళ్లవద్దన్నాను. "అబద్ధం నువ్వాడి, కుంటడం నేనా?" అన్నారాయన.

స్క్రూ వేశారు. ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుందని ఆగమన్నారు. పెళ్లిళ్ల సీజను కూడా వచ్చి వెళ్లింది. ఆ తర్వాత ఒక ఉదయం కుట్టుపని ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది.

"విస్సన్నపేటలో మా అమ్మీకి మోకాళ్లు పూర్తిగా అరిగిపోయినయ్ టీచర్ గారూ. సార్‌కి ఎవరు చేశారో చెప్పండి. మీరు పది చోట్ల విచారించందే పోరుగా! మీరు చూసిన డాక్టరంటే మేం మళ్లీ చూడక్కర్లేదు."

పెరట్లో మా వారు గొంతుక్కూర్చుని మందారానికి పాదు చేస్తున్నారు. ఆమె ఆయన వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. డాక్టర్ల పేర్లు కనుక్కుని చెప్పడం నాకు కష్టం కాదు. కాని నా మాట నమ్మి వాళ్ల ముసలి తల్లి మోకాలిని కత్తి కిందికి పంపుతారు. అలవాటుగా నోటికి అడ్డం పెట్టుకున్న చేయి తీసేశాను.

"మోకాలు కాదమ్మా. ఆ డబ్బు ఈ పంటికి."

ఆమె చాలాసేపు ఆ ఖాళీ వైపే చూసింది. "సీజనంతా నా వర్కు పక్క వీధి వాళ్లకి ఇచ్చుకున్నానండి, మిషను లేక. పై నెలల పాటలు వేరేవాళ్లకి పోయినయ్. పంటికని చెప్పుంటే ఏం పోయింది?"

"సిగ్గేసింది."

"ఇప్పుడు వేయట్లేదా?"

మళ్లీ నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. వెళ్తూ వెళ్తూ, "చీటీ రోజు మీరే చెప్పండి. నేను చెప్తే చాడీ అవుద్ది," అంది.

చీటీ రోజున చెప్పాను. పాఠం చెప్పినప్పుడు ఎన్నడూ తడబడని గొంతు ఆ రెండు వాక్యాలకు తడబడింది.  చీటీ నడిపే ఆవిడ, "మా ఆయన వారం వారం ‘సార్ మోకాలెలా ఉంది’ అని అడుగుతున్నాడండీ. ఏం చెప్పమంటారు, ఊడిపోయిందనా?" అంది. అందరూ నవ్వారు. కుట్టుపని ఆవిడ నవ్వలేదు. ఆ నెల డబ్బు ఆమెకే వదిలేశారు. చేతిలోకి తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

బయటికి వస్తూ ఆమెను అడిగాను. "పంటికని చెప్పి ఉంటే అప్పుడు నా మీద పాడేదానివా?"

"పాడేదాన్నేనండి. మీరు ఒదులుకునేదాకా పాడేదాన్ని."

కోత పెరిగితే పంటికి డబ్బు చాలక నేను వదులుకోవలసి వచ్చేదని, మిషను ఆమెకు సీజను ముందే వచ్చేదని నేను మళ్లీ విచారించవలసిన పని లేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తెలిసే మోకాలన్నాను.