మూడుసార్లు ఔటయిన సాయంత్రం

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వీధి మొత్తానికి నన్ను మించిన కబడ్డీ ఆటగాడు లేడు. నేను కూతకు పోయానంటే అవతలి ఏడుగురూ తలో పక్కకు జరిగేవారు. నా ఊపిరి ఎంత పొడుగంటే, నేను కూత ఎత్తుకున్నప్పుడు కదిలిన బస్సు వేములవాడ చేరి, జనం దిగి, గుళ్లో మొక్కు కోడెను కట్టి, తిరిగి వచ్చేదాకా తెగేది కాదు. అన్నేళ్లు ఆడినా నన్ను ఒక్కడు కూడా పట్టలేదు. ఈ సంగతి మా మనవలకు వందసార్లు చెప్పి ఉంటాను.

వాళ్లకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పట్టలేక కాదు, పట్టకూడదు కనుక పట్టలేదు. పసితనంలోనే పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. మోకాలి మీద చేయి ఆనించి, ఒక్కో అడుగూ నెట్టుకుంటూ నడిచేవాణ్ణి. ఆటలో నేను అరటిపండును. అంటే ఆటలో ఉంటాను, కూతకు పోతాను, కానీ నన్నెవరూ ఔట్ చేయరు. నేను ముట్టుకున్నా ఎవరూ ఔట్ కారు. జట్టులో ఎందరున్నారో లెక్కపెట్టేటప్పుడు నన్ను దాటేసి లెక్కపెడతారు. మామూలుగా అన్నల వెంట వచ్చే నాలుగేళ్ల పిల్లలకు ఇచ్చే చోటు అది. ఆ పిల్లలు పెద్దవుతూ ఒక్కొక్కరే అందులోంచి బయటికి వచ్చి నిజం ఆటగాళ్లయ్యేవారు. పదకొండేళ్లొచ్చినా నేను అక్కడే ఉన్నాను.

అప్పట్లో మా వీధిలో పొద్దున నేతకు నిలువు పోగులైన పడుగులను పొడవునా పరిచి గంజి పెట్టేవారు. సాయంత్రం పడుగులు చుట్టేశాక ఆ జాగా పిల్లలది. కాలి బొటనవేలితో గీత గీస్తే మన్నులోంచి కూడా పుల్లటి గంజివాసన వచ్చేది.

ఆ ఏడు మా ఇంట్లో కొత్త మగ్గానికి, నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంట తవ్వడానికి కోరుట్ల నుంచి మా మేనమామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు. వచ్చిన రోజు అరుగు మీద కూర్చుని మా ఆట చూశాడు. ఆట అయిపోయాక నేను ఆయన ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డాను.

"చూసినవా మామా? నన్ను ఒక్కడు గూడ పట్టలే."

"చూసిన అల్లుడా," అని బీడీ ఆర్పి లోపలికి పోయాడు.

మర్నాడు సాయంత్రం ధోవతి ఎగ్గట్టి వచ్చి అవతలి జట్టులో నిలబడ్డాడు. అంత పెద్దమనిషి మాతో ఆడతాడా అని పిల్లలు ఒకటే నవ్వు. ఆయన నవ్వలేదు. ఆట మొదలుకాకముందే ఒక మాట చెప్పాడు.

"ఇయ్యాల్టి సంది ఎవల కాలు ఎవలు పట్టొద్దు. నడుము పట్టాలె, లేకుంటే చెయ్యి పట్టాలె. అందరికీ గంతే."

"కాలు పట్టకుంటే గదేం కబడ్డీ మామా?" అని ఒకడు గొణిగాడు.

"దమ్ముంటే నడుము పట్టి ఆపురా బిడ్డా, చూస్త."

నేను కూతకు పోయాను. ఎప్పటిలాగే అందరూ పక్కకు జరిగారు. మామ జరగలేదు. రెండు చేతులూ నా నడుము చుట్టూ వేసి బిగించాడు. కాలితో చేయాల్సిన పనంతా చేతులతోనే చేసేవాణ్ణి కనుక నా భుజాలు గట్టివి. నేల మీద పడి, మోచేతులతో గీత వైపు పాకాను. మామ వదల్లేదు. గీతకు నాలుగు వేళ్ల దూరంలో నా ఊపిరి తెగింది. వేములవాడ బస్సు కాదు గదా, మా వీధి మలుపు కూడా దాటి ఉండదు.

"ఔట్. పోయి బయట కూసో అల్లుడా."

మోకాలు దోక్కుపోయి రక్తం కారుతోంది. లేచి వెళ్లి బయట కూర్చున్నాను. అక్కడ అప్పటికే ఔటయిన పిల్లవాడొకడు కాస్త జరిగి చోటిచ్చి, "నిన్నెవలు పట్టిండ్రు?" అన్నాడు. "మామ" అన్నాను. "నన్ను గూడ గాయినే. ఏం పట్టురా నాయినా, నడుము ఇరిగింది" అన్నాడు. ఇద్దరం కలిసి మామను కసిదీరా తిట్టుకున్నాం. అంతవరకు నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండలేదు.

ఆ సాయంత్రమే నేను నలుగురిని ఔట్ చేశానని కొందరికి చెప్పాను. అదీ అబద్ధమే. మూడుసార్లు కూతకు పోయి మూడుసార్లూ ఔటయ్యాను. మూడోసారి పట్టింది మామ కాదు, నా ఈడువాడు. మొదట భయపడుతూ చేయి వేశాడు. నేను విదిలించుకోబోయేసరికి గట్టిగా పట్టాడు.

మర్నాడే కోరుట్లలో పనిబడి మామ వెళ్లిపోయాడని తరవాత మా పిల్లలతో అంటూ వచ్చాను. ఈ అబద్ధం మాత్రం నవ్వించడానికి చెప్పింది కాదు.

ఇంటికి రాగానే అమ్మ నా మోకాలు చూసి గుండెలు బాదుకుంది. ఆడుతూ పడ్డానని చెప్పవచ్చు. ఏ పిల్లవాడైనా అదే చెబుతాడు. కానీ అమ్మ కళ్లలో నీళ్లున్నాయి, చేతిలో బెల్లం ముక్క ఉంది. నాకు ఎక్కడలేని ఏడుపొచ్చింది. "మామ పడేసిండు" అన్నాను.

"కాలు లేని పోరన్ని కింద పడేస్తవా? నీకు చేతులెట్ల అచ్చినయిరా?" అని అమ్మ విరుచుకుపడింది.

మామ నా వైపు చూశాడు. నేను ఒక్క మాట చెబుతానని చూశాడు. నేను అమ్మ కొంగులో మొహం దాచుకున్నాను. "తప్పయింది అక్కా" అని, గుంట సగంలోనే వదిలేసి, పొద్దున మొదటి బస్సుకు వెళ్లిపోయాడు. అమ్మ ఇంటింటికీ తిరిగి, నా మీద చేయి వేస్తే ఊరుకోనని చెప్పి వచ్చింది. ఆ సాయంత్రం మళ్లీ గీత గీశారు. కూతకు పోయాను. ఏడుగురూ పక్కకు జరిగారు.

మామ తరవాత పెళ్లిళ్లకూ చావులకూ వచ్చాడు గానీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఆయన లేడు.

మొన్న పక్కింటి అమ్మాయి బడిలో ఆటల పోటీలు పెట్టారు. పదేళ్ల పిల్ల, కాలికి ఇనుప పట్టీ, చంకలో కర్ర. పరుగు పందెంలో ఆమెకు మొదటి బహుమతి ఇచ్చారు. మెడల్ నా ఒళ్లో పడేసి, "వాళ్లు ఉరకలే తాతా. ఎన్కకు తిరిగి చూస్తే నవ్వుకుంట నడుస్తున్నరు" అంది. నేను బడికి వెళ్లి అడిగాను. ఆటల సారు మంచివాడే. కుర్చీ వేసి, టీ తెప్పించి, "అందరితోని కలిపి ఆడిపిస్తున్నం గద పెద్దాయనా. ఫస్ట్ ప్రైజ్ గూడ ఇచ్చినం. ఇంకేం గావాలె?" అన్నాడు. ఏం కావాలో నాకు తెలుసు. టీ తాగి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఆ పిల్ల మా వాకిట్లో కర్రతో గీత గీసింది. మామ కథ ఆమెకు చెప్పి ఉన్నాను, నా ఏడుపు సంగతి తప్ప. "నువ్వన్న పట్టు తాతా" అని కూత ఎత్తుకుంది. పక్కన సాంచాల, అంటే మరమగ్గాల మోత, దానిని మించి ఆమె గొంతు. నా దగ్గరిదాకా వచ్చింది. రెండు చేతులూ చాచాను. ఇనుప పట్టీ కనిపించింది. గడపలో ఆమె తల్లి నిలబడి చూస్తోంది. నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

ఊపిరి ఇంకా ఉండగానే ఆమె కూత ఆపేసింది. "నువ్వు గూడ గంతేనా" అని కర్ర తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ గీత గీయలేదు.

డెబ్బై దాటాను. స్నానం చేసేటప్పుడు నడుము మీద చేయి పడితే మామ పట్టు ఇప్పటికీ తెలుస్తుంది. నా బతుకులో నన్ను పూర్తిగా లెక్కలోకి తీసుకున్న పట్టు అది. ఆ పిల్లకు అందించాల్సినప్పుడు అందించలేక, నా ఒంటి మీదే మోస్తున్నాను.