శనివారం పైకి చదివిన లెక్కలు

శనివారం సాయంత్రం నాలుగూ పదికి కారంపూడి బస్సు గురజాలలో మా ఆఫీసు ఎదుట ఆగేది. బాలవాడీలు నడిపే ఆడవాళ్ళు చేతిసంచులతో దిగి, చెప్పులు గుమ్మం బయట విడిచి, చాప మీద కూర్చునేవారు. ఎనభైల్లో బి.కాం. పూర్తిచేసి, నరసరావుపేట నుంచి వచ్చి, ఆ చిన్న స్వచ్ఛంద సంస్థలో లెక్కలు రాసే పనిలో చేరాను. రాతి క్వారీల దగ్గర కూలివాళ్ళ పిల్లలకు పగటిపూట బడి, ఒకపూట అన్నం. సంస్థ పని అంతే. దాన్ని నడిపే ఆవిడ రిటైరైన టీచరు. అందరూ అమ్మగారు అనేవారు. ఆవిడ పోయి ఈ వేసవికి ఏడాది.

కాలేజీలో నాకెవరూ నేర్పని పద్ధతి ఒకటి అక్కడ ఉండేది. నెలాఖరు శనివారం ఒక్కొక్కరూ లేచి, తమ సెంటరు హాజరూ, వాడిన సరుకులూ, పెట్టిన ఖర్చులూ మిగతావాళ్ళ ముందు పైకి చదవాలి. చదివాకే నేను రిపోర్టులో ఎక్కించాలి. ట్రైనింగ్ అంటే అదేనని అమ్మగారు అనేవారు. పప్పు ధర ఎక్కువనిపిస్తే పక్క ఊరామె ఏ కొట్లో కొన్నావని అడిగేది. అందులో అవమానం ఉండేది కాదు. తర్వాతి వంతు అడిగినామెదే.

ఒక నెల మాచర్ల వైపు క్వారీ సెంటరు నడిపే ఆమె లేచింది. భర్త వదిలేసిన మనిషి. ముసలి తల్లినీ పిల్లల్నీ ఆ జీతంతోనే సాకుతోంది. మామూలుగా వచ్చేవాళ్ళకు రెట్టింపు మంది పిల్లలు ఒక రెండ్రోజులు వచ్చారని చదివింది. కారంపూడి సెంటరు పెద్దామె ఊరుకోలేదు.

"అంతమంది యాడ దొరికారే నీకు? మేకల్ని గూడా కూచోబెట్టావా ఏంది?"

చాప మీద అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కాగితం మడిచి, జరిగింది చెప్పింది. క్వారీలో రాయి జారిపడి ఒకతను చనిపోయాడు. చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెస్తారు. పని ఆగిపోయి అక్కడ ఎవరింట్లోనూ గింజలు లేవు. ఆ రెండ్రోజులూ పిల్లల బియ్యంతో అన్నం, పప్పుచారు చేసి ఆ ఇంటికి పంపింది. బియ్యం లెక్క సరిపోవాలని, రాని పిల్లల్ని వచ్చినట్టు రాసింది.

లేని హాజరు రాసినవాళ్ళను పనిలోంచి తీసేయాలని, డబ్బు పంపే మద్రాసు ఆఫీసు షరతు. అది ఆ గదిలో అందరికీ తెలుసు. కారంపూడి పెద్దామే గొంతు తగ్గించి అంది.

"ఎలకలు తిన్నాయని రాయిస్తే పోద్ది గదా అమ్మగారూ."

"ఎలకల మీద నిందెందుకమ్మా? తిన్నది మనుషులేగా. అట్టాగే రాద్దాం," అన్నారు అమ్మగారు.

తర్వాత క్వారీ ఆమె వైపు తిరిగి, వండినందుకు తనేమీ అనననీ, లేని పిల్లల్ని పుట్టించినందుకు మాత్రం అంటాననీ చెప్పారు. ముందే అడిగుంటే ఏదో దారి చూసేవాళ్ళం అన్నారు. కోప్పడినట్టు లేదు.

అమ్మగారు చెబుతుంటే మద్రాసుకు పంపే రిపోర్టు నేను రాశాను. హాజరు సరిదిద్దాం. బియ్యం ఎక్కడికి వెళ్ళాయో ఒక వాక్యం. ఇలాంటప్పుడు అడిగే దారి చూపకపోవడం మా తప్పేననీ, అందువల్ల ఆమెను తీసేయదలచుకోలేదనీ ఇంకో వాక్యం. జవాబు వచ్చేదాకా ఆమె ప్రతి శనివారం బస్సు దిగగానే నా మొహం చూసేది. ఇంకా రాలేదని నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

వచ్చిన జవాబును కూడా అమ్మగారు పైకే చదివారు. పిల్లల బియ్యం మరో పనికి వాడకూడదు. ఈ ఒక్కసారికి ఊరుకుంటున్నాం. ఆమె ఉద్యోగం సంగతి మీరే తేల్చుకోండి.

"విన్నావుగా. సోమవారం సెంటరు తియ్యి," అన్నారు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కారంపూడి పెద్దామె ఆమె భుజం మీద చెయ్యేసి, "మేకల్ని మాత్రం లోపలికి రానీబాకే," అంది. అప్పుడు ఆమె కూడా నవ్వింది.

ఆ రోజే వాళ్ళలో వాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. శనివారం వచ్చేటప్పుడు ఇంటినుంచి గుప్పెడు బియ్యం తెచ్చి ఆఫీసులో ఒక డబ్బాలో పోయాలి. ఏ సెంటరు దగ్గర చావు జరిగినా అవి ఆ ఇంటికి వెళ్ళాలి. నేనూ పోశాను. ఆ డబ్బా లెక్క కూడా పైకి చదివేవాళ్ళం.

తర్వాత నేను పెద్ద ఆఫీసుల్లో పనిచేశాను. నలుగురి ముందు చదవలేని అంకెను కాగితం మీద పెట్టకూడదని నాకు తెలిసింది మాత్రం ఆ చాప మీదే. ఆ మాట అమ్మగారితో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మగారు పోయిన రోజు ఆ ఇంటికి మొదట అన్నం తెచ్చింది క్వారీ ఆమే. జుట్టంతా తెల్లబడింది. అన్నం, పప్పుచారు. నాకు వడ్డిస్తూ, ఆఫీసులో లెక్కలు ఇంకా చదువుతున్నారా అని అడిగింది. తెలుసుకుని చెబుతానన్నాను.

మొన్న వెళ్ళి చూశాను. ఆఫీసు ఉంది. రిపోర్టులు కంప్యూటర్లో తయారై ఏ నెలకా నెల వెళ్తున్నాయి. అక్కడ పనిచేసే కుర్రవాళ్ళు మర్యాదగా టీ ఇచ్చారు. శనివారం ఎవరూ రారట. లెక్కలు పైకి చదవడం లేదు.