పేరు చెప్పని పగ

నా చిన్నప్పుడు మా అమ్మ అమీర్‌పేటలో, ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు వేలాడుతున్న సందులోనే, జాకెట్లు కుట్టేది. గుడ్డలన్నీ మా చర్చి సంఘం ఆడవాళ్ళవే. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉండేది. చివర్లో ఒక్కొక్కరూ లేచి, ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పేవాళ్ళు. క్రిస్మస్‌కు తన జాకెట్ అందలేదని కక్షగట్టిన ఒక పంజగుట్ట ఆంటీ ఒక శుక్రవారం లేచింది. మా అమ్మ మిగిలిన గుడ్డలు దాచుకుంటోందని, ఆ బుద్ధి మారాలని అందరూ ప్రార్థించాలని కోరింది. పచ్చి అబద్ధం! అందరూ ఆమెన్ అన్నారు. వారం తిరిగేసరికి మా ఇంటికి గుడ్డ రావడం ఆగిపోయింది. అమ్మ ఖాళీ మిషను ముందు కూర్చుని ఏడ్చేది. పదేళ్ళ నాకు ఆ ఆంటీని కొరికి నమిలెయ్యాలన్నంత కోపం.

మా తాతయ్య సండే స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. హీబ్రూ మాటలు ఎలా పుట్టాయో యూదుల పాత వ్యాఖ్యానాల్లో చదివి మాకు చెప్పడం ఆయనకు మహా సరదా. ఆ ఆదివారం కుష్ఠురోగి కథ వచ్చింది. హీబ్రూలో ఆ మాట మెత్సోరా. వాళ్ళ పెద్దలు దాన్ని విడదీసి 'మోత్సీ షేమ్ రా' అన్నారట, అంటే ఇంకొకరి మీద చెడ్డపేరు వెళ్ళగక్కేవాడు. నిజంగా ఆ మాట అట్లనే పుట్టిందో లేదో గానీ, నోటికి బుద్ధి చెప్పడానికి అట్ల విడదీశారని, ఈనాటి రోగులది ఏ తప్పూ లేదని తాతయ్య మరీ మరీ చెప్పాడు. నేను మొదటి ముక్క మాత్రమే విన్నాను: చెడ్డపేరు వెళ్ళగక్కేవాళ్ళే కుష్ఠురోగులని.

శుక్రవారం నేనే లేచాను. "పంజగుట్ట ఆంటీకి కుష్ఠు వచ్చింది. జర ప్రార్థన చెయ్యుండ్రి" అన్నాను. ఆంటీ పక్కనున్న ఇద్దరు చాప మీద దూరం జరిగారు. ఆమె మొహం పాలిపోయింది. ఆ వారమంతా ఆమె ఇంట్లో ఎవరూ చాయ్ ముట్టలేదు. నా కసి తీరింది. ఆ సంతోషం ఇప్పటికీ తియ్యగానే ఉంది, దాచుకోవడమెందుకు?

తాతయ్య తిట్టలేదు. నా కంచం మాత్రం తీసుకెళ్ళి వరండాలో పెట్టాడు. "మనుషులను విడగొట్టినోడు ఒక్కడే ఉండాలె అని సుత ఆ పెద్దలే చెప్పిండ్రు బిడ్డా. ఆమె మీ అమ్మను విడగొట్టింది, నువ్వు ఆమెను విడగొట్టినవ్" అన్నాడు. అమ్మ కోసమే చేశానని ఎంత ఏడ్చినా మూడు రోజులు నా అన్నం అక్కడే.

తర్వాతి కూడికలో తాతయ్య లేచి, తన కోడలు గుడ్డ దాచుకోలేదని, పంజగుట్ట ఆంటీకి ఏ రోగమూ లేదని, రెండూ అబద్ధాలేనని అందరి ముందూ చెప్పాడు. ఆమె చేతి చాయ్ అడిగి మరీ తాగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మెల్లగా అమ్మకు గుడ్డలు మళ్ళీ రావడం మొదలైంది. ఆమె మాత్రం మా అమ్మను ఏనాడూ క్షమాపణ అడగలేదు. ఆమె పోయినప్పుడు నేను సమాధుల తోటకు వెళ్ళలేదు.

ఆమెను నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఆమె పేరు నా పిల్లలకు సైతం తెలియదు. ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతిసారీ మింగేశాను. ఇది రాస్తున్నప్పుడు కూడా.